చనిపోయిన వ్యక్తి పాత నేరాలు ఆత్మరక్షణ కేసులో పనికొస్తాయా?

ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మీ తమ్ముడు కేఆర్ పురంలో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాడు. మీటర్ వడ్డీకి డబ్బులిచ్చిన మనిషి పోయిన ఏడాది ఒక రాత్రి పదిన్నరకి, షాపు మూసే వేళ, ఇంకొకణ్ని వెంటేసుకుని వచ్చాడు, ఇద్దరూ కలిసి షట్టర్ దించారు. గొడవైంది, మీద పడ్డాడు, సోడా సీసా ఎత్తాడు, తమ్ముడు కౌంటర్ మీదున్న కొబ్బరికాయలు కొట్టే కత్తితో ఒక దెబ్బ వేశాడు, ఆ మనిషి మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు. ఇప్పుడు తమ్ముడు హత్య కేసులో పరప్పన అగ్రహార జైల్లో ఉన్నాడు, చార్జిషీటు వేశారు, సాక్షుల విచారణ ఇంకా మొదలవలేదు. పోయిన మనిషి మీద చిత్తూరు వైపు రెండు కొట్లాట కేసులు, ఇక్కడ రౌడీషీటు ఉన్నాయి. బంధువులు అవన్నీ జడ్జి ముందు పెడితే కేసు నిలబడదంటున్నారు, మీ వకీలు మాత్రం అవి ఈ కేసుకు సంబంధం లేనివి అన్నారు.

చెల్లెమ్మా, నేను ఇరవై మూడేళ్లుగా బెంగళూరులో క్రిమినల్ కేసులే చేస్తున్నాను, మాది అనంతపురం. సూటిగా చెప్తాను. ఆ పాత కేసులు కోర్టులోకి రావచ్చు. కానీ "వాడు చెడ్డవాడు" అని నిరూపించడానికి కాదు. ఆ రాత్రి షట్టర్ దగ్గర నిలబడి ఉన్నప్పుడు మీ తమ్ముడికి ఆ మనిషి గురించి ఏం తెలుసు, తెలిసినందువల్ల ఎంత భయపడ్డాడు, ఆ భయం న్యాయమైనదేనా అన్నది చూపించడానికి. తమ్ముడికి తెలియని పాత నేరం ఎంత పెద్దదైనా ఈ పనికి రాదు. తెలిసినది చిన్నదైనా విలువైనది. మీ వకీలు ఏ ఉద్దేశంతో సంబంధం లేదన్నారో నాకు తెలియదు గానీ, బంధువులు చెప్పిన పద్ధతిలో పెడితే మాత్రం నిజంగానే సంబంధం లేదంటారు జడ్జి.

ఎందుకో చెప్పాలంటే చట్టం దగ్గరికి వెళ్లాలి. సంఘటన 2024 జూలై 1 తర్వాతది కాబట్టి మీకు వర్తించేవి కొత్త చట్టాలు: నేరాలు, శిక్షలకి భారతీయ న్యాయ సంహిత, సాక్ష్యాలకి భారతీయ సాక్ష్య అధినియమ్, కోర్టు విచారణ పద్ధతికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. సాక్ష్యాల చట్టంలో ముద్దాయి మంచి నడవడి గురించి సెక్షన్ 47 ఉంది, ముద్దాయి చెడు నడవడి గురించి 49 ఉంది, లైంగిక నేరాల్లో బాధితురాలి నడవడి తీసుకురావద్దని 48 ఉంది. హత్య కేసులో చనిపోయిన మనిషి కోపిష్టి, దుర్మార్గుడు అని సాక్ష్యం ఇవ్వవచ్చా లేదా అని నేరుగా చెప్పే సెక్షన్ ఒక్కటీ లేదు. అందుకే "నడవడి" అని పేరు పెట్టి పట్టుకెళ్తే పీపీ, అంటే ప్రభుత్వ వకీలు, లేచి అభ్యంతరం చెప్తారు. నడవడి అంటే నలుగురిలో ఉన్న పేరు, మొత్తం స్వభావం మాత్రమే, విడివిడి సంఘటనలు చెప్పకూడదని సెక్షన్ 50 వివరణలో ఉంది కదా అంటారు. ఆయన అనడంలో తప్పు లేదు.

మనం వెళ్లాల్సిన దారి సెక్షన్ 12. ఒక మనిషి మనసులో ఏముంది అన్నది కేసులో తేలాల్సిన అంశమైతే, దాన్ని చూపించే విషయాలు చెప్పుకోవచ్చు అంటుంది అది. ఆత్మరక్షణలో తేలాల్సిందే అది, తమ్ముడి మనసులో ప్రాణభయం ఉందా లేదా. అయితే దాని కింద ఒక వివరణ ఉంది, దాన్ని చాలామంది వకీళ్లు కూడా పట్టించుకోరు: ఆ మనఃస్థితి ఏదో సాధారణంగా ఉన్నట్టు కాదు, ఈ ఫలానా విషయానికి సంబంధించి ఉన్నట్టు చూపించాలి. మీ విషయంలో దీని అర్థం ఏంటంటే, చిత్తూరులో ఎన్నో ఏళ్ల కిందట బార్‌లో ఎవరితోనో జరిగిన కొట్లాట ఒక ఎత్తు, అదే వీధిలో మూడు నెలల కిందట వడ్డీ కట్టలేదని ఇంకో షాపతన్ని ఇలాగే రాత్రిపూట వచ్చి తల పగలగొట్టి ఉంటే, దాన్ని మీ తమ్ముడు కళ్లారా చూసి ఉంటే, అది ఒక ఎత్తు. రెండోది ఒక్కటి దొరికితే మొదటి రకంవి పది ఉన్నా అక్కర్లేదు. కాబట్టి మీరు వెతకాల్సింది ఆ మనిషి చరిత్ర మొత్తం కాదు, ఆ చరిత్రలో తమ్ముడి చెవిన పడిన భాగం.

న్యాయ సంహితలో సెక్షన్ 38 ఏం చెప్తుందంటే, ఎదుటివాడి దాడి వల్ల చావో తీవ్రమైన గాయమో తప్పదని సహేతుకంగా భయపడే పరిస్థితి ఉంటే, ఆత్మరక్షణలో ప్రాణం పోయినా నేరం కాదు. సెక్షన్ 40 ప్రకారం ఆ భయం కలిగినప్పుడే హక్కు మొదలవుతుంది, దెబ్బ తగిలేదాకా ఆగక్కర్లేదు, భయం ఉన్నంతసేపే హక్కు ఉంటుంది. ఇక్కడ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది సుప్రీంకోర్టు 1952లో ఇచ్చిన అమ్జద్ ఖాన్ తీర్పు. 1950లో కట్నీలో అల్లర్లు జరుగుతుంటే గుంపు పక్కభాగాన్ని దోచుకుని ఇతని తలుపు బాదడం మొదలుపెట్టింది, ఇతను కాల్పులు జరిపాడు, ఒకరు చనిపోయారు. తలుపు విరిగి లోపలికి వచ్చేదాకా ఆగాలని చట్టం అడగదు అని, ఆ క్షణంలో ఉన్న మనిషిని సున్నితమైన త్రాసులో పెట్టి తూచకూడదని కోర్టు చెప్పి వదిలేసింది. ఆ కేసులో అతని భయం న్యాయమైనదని కోర్టు నమ్మడానికి ఒక పెద్ద కారణం, ఆ గుంపు అప్పటికే పక్కన ఏం చేసిందో అతనికి తెలిసి ఉండడం. ఎదుటివాడి గతం ఆత్మరక్షణలోకి వచ్చేది ఇలాగే. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాలన్నీ ఒకచోట కూర్చింది, మీ వకీలు దాన్ని తప్పకుండా చూసే ఉంటారు.

ఆత్మరక్షణే అని నిరూపించే భారం మన మీదే ఉంటుంది, సాక్ష్యాల చట్టం సెక్షన్ 108. కానీ పోలీసులు నిరూపించాల్సినంత గట్టిగా కాదు, అన్నీ కలిపి చూస్తే అలా జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉంది అనిపిస్తే చాలు. పీపీ తెచ్చిన సాక్షుల నోటి నుంచే ఆ సంగతి బయటపడినా సరిపోతుంది, ముద్దాయి విడిగా చెప్పకపోయినా రికార్డులో ఆధారం ఉంటే కోర్టు పరిశీలించాలని మున్షీరామ్ కేసులో సుప్రీంకోర్టు అంది.

ఇప్పుడు అసలు కష్టం. తమ్ముడికి తెలుసని ఎలా చూపిస్తారు? బంధువులు తెచ్చే చిత్తూరు కాగితాల కంటే నేనైతే ముందు అడిగేవి ఇవి. ఆ మనిషి బెదిరించినప్పుడు తమ్ముడు ఎప్పుడైనా స్టేషన్‌కి వెళ్లాడా? ఇక్కడ చాలాసార్లు కేసు కట్టరు, ఎన్‌సీఆర్ (కేసు కట్టేంత నేరం కాదని రాసుకోవడం) అని ఒక ఎండార్స్‌మెంట్, అంటే ఫిర్యాదు అందిందని రాసిచ్చే కాగితం, చేతిలో పెట్టి పంపిస్తారు, జనం దాన్ని పనికిరాని కాగితం అనుకుని పారేస్తారు. ఆ చిన్న కాగితం సంఘటనకి ముందు తేదీతో ఉంటే దాన్ని మించిన సాక్ష్యం ఉండదు, ఎందుకంటే ప్రాణం పోయాక అల్లిన కథ కాదని అదే చెప్తుంది. 112కి ఎప్పుడైనా ఫోన్ చేశారా, హొయ్సళ బండి (బెంగళూరు పోలీసుల గస్తీ వాహనం) వచ్చి సర్దిచెప్పి వెళ్లిందా? ఆ మనిషి పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయా? తమ్ముడు భయపడి మీకో, భార్యకో, ఊళ్లో నాన్నకో "వీడు ఫలానా అతన్ని కొట్టాడక్కా, నాకూ అదే గతి పడుతుందేమో" అని పంపిన మెసేజ్ ఉందా? పక్క షాపుల వాళ్లలో ఆ మనిషి చేతిలో దెబ్బలు తిన్నవాళ్లు ఎవరు, ఆ సంగతి మీ తమ్ముడితో చెప్పుకున్నారా?

షాపుల వాళ్లు మొదట భయపడతారు, మాకెందుకమ్మా అంటారు. కోపం తెచ్చుకోకండి. పోయిన మనిషి అనుచరులు ఇంకా అదే వీధిలో తిరుగుతుంటారు, వాళ్లూ బతకాలి కదా. మీరు స్వయంగా వెళ్లి ఒత్తిడి చేస్తే సాక్షుల్ని బెదిరించారని బెయిలుకే ఎసరు వస్తుంది, వకీలు ఆఫీసు మనిషిని పంపండి. కోర్టు సమన్లు ఇస్తే వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్లు నాకు చాలామంది కనిపించారు.

తమ్ముడి సొంత మాట కూడా ముఖ్యమే. సాక్షులయ్యాక జడ్జి సురక్షా సంహిత సెక్షన్ 351 కింద ప్రశ్నలు అడుగుతారు, దానికి చాలామంది ముద్దాయిలు వరసపెట్టి "తెలియదు, అబద్ధం" అని వెళ్లిపోతారు. ఆత్మరక్షణ కేసులో అంతకంటే నష్టం ఇంకోటి లేదు. ఆ రాత్రి ఏం జరిగింది, ఆ మనిషి గురించి తనకేం తెలుసు, ఎందుకు భయపడ్డాడు అని రాతపూర్వకంగా ఇవ్వడానికి అదే సెక్షన్లో అవకాశం ఉంది. తమ్ముడు స్వయంగా బోనెక్కి సాక్ష్యం చెప్పొచ్చు కూడా, అయితే అప్పుడు పీపీ క్రాస్ చేస్తారు, తట్టుకోగలడా లేదా అన్నది అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసిన వకీలే తేల్చాలి.

నా అనుభవంలోది ఒకటి చెప్పాలి. పద్దెనిమిదేళ్ల కిందట, ఆనేకల్ వైపు ఒక స్థలం గొడవలో ప్రాణం పోయింది, నేను అప్పటికి జూనియర్ని. హతుడి మీద పదకొండు కేసులున్నాయి, నెల రోజులు తిరిగి అన్నిటి నకళ్లూ నేనే సంపాదించాను, చాలా గర్వంగా ఫైల్లో పెట్టాను. మా ముద్దాయికి వాటిలో ఎన్ని తెలుసు అని మేము ఒక్క సాక్షినీ అడగలేదు, ఆయన చేత చెప్పించలేదు. తీర్పులో జడ్జి రాసింది ఇప్పటికీ మర్చిపోలేను. ఇవన్నీ ముద్దాయికి తెలుసనడానికి ఆధారం లేదు, ఇద్దరి మధ్య పాత పగ ఉందని మాత్రం డిఫెన్సే ఒప్పుకుంది, కాబట్టి చంపడానికి కారణం ఉంది అని. యావజ్జీవం పడింది. అప్పీల్లో సెక్షన్ తగ్గింది గానీ అప్పటికే ఆయన ఆరేళ్లు లోపల గడిపారు, కూతురి పెళ్లి ఆయన లేకుండానే అయిపోయింది. మీకు ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఆ కేసే.

పగ రెండు వైపులా పదునున్న కత్తి అని కోర్టుల్లో ఊరికే అనరు. మీరు ఆ మనిషి వేధింపుల గురించి ఎంత చెప్తే పీపీ అంత తీసుకుని "అందుకే కత్తి దగ్గర పెట్టుకుని కాచుకుని ఉన్నాడు" అంటారు. అందుకని ఆ కత్తి అక్కడ ఎందుకుంది అన్నది మొదటే తేలాలి. టిఫిన్ సెంటర్లో చట్నీకి రోజూ కొబ్బరికాయలు కొడతారు, అది ఎప్పుడూ ఆ కౌంటర్ మీదే ఉంటుంది అని పనివాళ్ల చేత, సరుకులు వేసేవాళ్ల చేత, వీలైతే పాత ఫొటోల్లో చూపించండి. ఇంకో ప్రశ్న కూడా వస్తుంది, ఇన్నాళ్లుగా అంత భయమైతే పోలీసుల దగ్గరికి ఎందుకు పోలేదు అని. న్యాయ సంహిత సెక్షన్ 37 ప్రకారం పోలీసుల రక్షణ కోరే సమయం ఉన్నచోట ఈ హక్కు ఉండదు. దానికి జవాబు ఆ నిమిషానికి సంబంధించింది: వాళ్లిద్దరూ షట్టర్ దించాక తమ్ముడికి ఎటు పోయే వీలుంది? షాపు కొలతలు, తలుపు ఎటుంది, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఇవి పోలీసులు సంఘటన స్థలంలో రాసిన మహజరులో సరిగ్గా రాశారో లేదో చూడండి.

మా తమ్ముడు చాలా మంచివాడు, చీమకి కూడా హాని చేయడు అని సాక్షుల చేత చెప్పించాలని కూడా అనిపిస్తుంది మీకు, అక్కగా ఆ మాట సహజం. కానీ అలా చెప్పించిన మరుక్షణం సాక్ష్యాల చట్టం సెక్షన్ 49 కింద తమ్ముడి చెడు నడవడి గురించి, పాత శిక్షలేవైనా ఉంటే వాటి గురించి సాక్ష్యం తెచ్చే హక్కు పీపీకి వస్తుంది. చిన్నప్పుడు ఊళ్లో జరిగిన గొడవైనా సరే ముందే వకీలుకి చెప్పేయండి, దాచకండి.

తమ్ముడికి తెలియని చిత్తూరు కేసుల సంగతేంటి అంటారా? వాటికి ఒకే ఒక ఇరుకు దారి ఉంది. ముందు ఎవరు చెయ్యి చేసుకున్నారు అన్నదే వివాదమైనప్పుడు, అలాంటి పద్ధతిలో అతను ఇంతకుముందు దాడి చేశాడు కాబట్టి ఈసారీ అతనే మొదలుపెట్టి ఉంటాడు అని సాక్ష్యాల చట్టం సెక్షన్ 9 కింద వాదించొచ్చు. మీ కేసులో ఆ వివాదం ఉంది, వెంట వచ్చిన మనిషి మీ తమ్ముడే ముందు కొట్టాడని స్టేట్‌మెంట్ ఇచ్చాడు కదా. అయితే కేవలం దీని మీద కేసు నిలబెట్టకండి. అమెరికాలో ఉన్న మీ బావగారు పంపిన వ్యాసంలో రాసింది నిజమే, మసాచుసెట్స్‌లో 2005లో అడ్జుటెంట్ అనే కేసులో, ఎవరు ముందు దాడి చేశారన్నది తేలనప్పుడు ముద్దాయికి తెలియకపోయినా హతుడి పాత హింసాత్మక ఘటనలు జ్యూరీ ముందు పెట్టొచ్చన్నారు. అది ఆ రాష్ట్రం కోర్టు తన చట్టం కింద చెప్పింది. మన దగ్గర జ్యూరీ లేదు, ఆ నియమమూ లేదు, సెషన్స్ జడ్జి ముందు ఆ తీర్పు చదివితే విని పక్కన పెడతారు.

కాగితాల విషయానికొస్తే, రౌడీషీటు అనేది పోలీసులు తమ నిఘా కోసం తెరిచే ఫైలు, శిక్ష కాదు, తీర్పు కాదు. ఎఫ్ఐఆర్ కూడా ఎవరో ఫిర్యాదు ఇచ్చారని మాత్రమే చెప్తుంది. శిక్ష పడిన తీర్పు ఉంటే దానికి బరువుంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో పేరు మీద వెతికితే చిత్తూరు కేసులు ఏమయ్యాయో తెలుస్తుంది, కొట్టేసిన కేసైతే దాన్ని శిక్ష పడినట్టు చెప్పే పొరపాటు చేయకండి, పీపీ దాన్ని బయటపెట్టిన రోజున మిగతా నిజాలు కూడా నమ్మరు. సర్టిఫైడ్ కాపీలే తెచ్చుకోండి. అవి తెలుగులో ఉంటే అనువాదం జతచేయాలి, ఇక్కడ కోర్టు పనంతా కన్నడం, ఇంగ్లిష్‌లో. ఇక్కడి స్టేషన్ రికార్డు, 112 రికార్డు మీకు ఇవ్వరు, సురక్షా సంహిత సెక్షన్ 94 కింద తెప్పించమని కోర్టులో అర్జీ వేయాలి. ఐవోని, అంటే దర్యాప్తు చేసిన పోలీసు అధికారిని, క్రాస్ చేసేటప్పుడు "హతుడు రౌడీషీటర్ అని మీకు తెలుసా" అని ఊరికే అడిగితే "తెలియదు" అంటారు, అంతటితో అయిపోతుంది. కాగితం చేతిలో ఉంటే ఆ జవాబు రాదు. ఫోన్‌లోని వాయిస్ మెసేజ్‌లకి సాక్ష్యాల చట్టం సెక్షన్ 63 సర్టిఫికెట్ ఉండాలి, అది లేక మంచి రికార్డింగులు పక్కకి పోవడం కళ్లారా చూశాను.

తమ్ముడికి ఆ రాత్రి దెబ్బలు తగిలాయా? మీరు రాయలేదు. తగిలి ఉంటే అరెస్టు చేశాక ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారో అక్కడి గాయాల సర్టిఫికెట్ తెప్పించండి. ముద్దాయి ఒంటి మీద గాయాలు ఎలా వచ్చాయో ప్రాసిక్యూషన్ చెప్పలేకపోతే వాళ్ల కథ మీద గట్టి అనుమానం వస్తుందని 1976లో లక్ష్మీసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒంటి మీద ఒక గాటు ఎదుటివాడి పది పాత కేసులకంటే ఎక్కువ మాట్లాడుతుంది.

ఒక్క దెబ్బే అన్నారు, పోస్ట్‌మార్టం రిపోర్టు కూడా అదే చెప్తే చాలా మేలు. ఆత్మరక్షణ హక్కు ఉంది గానీ హద్దు దాటాడు అని జడ్జి అనుకున్నా, ముందు అనుకుని చేసింది కాకపోతే, కావలసినదానికంటే ఎక్కువ హాని చేయాలన్న ఉద్దేశం లేకపోతే, న్యాయ సంహిత సెక్షన్ 101లోని రెండో మినహాయింపు కింద అది హత్య కాదు, 105 కిందికి వస్తుంది. అక్కడ ఉద్దేశంతో కొట్టాడంటే కనీసం ఐదేళ్లు, చావొస్తుందని తెలిసి కొట్టాడు అంతే అంటే పదేళ్ల లోపు ఎంతైనా. హత్యకి ఉరి లేదా యావజ్జీవం. అదే, పడిపోయిన మనిషిని మళ్లీ కొట్టి ఉంటే ఎదుటివాడి గతం ఎంత భయంకరమైనదైనా ఆ రెండో దెబ్బకి జవాబు కాదు, భయం తీరాక హక్కు ఉండదు.

ఇంకో మాట చెప్పాలి. ఆ మనిషికీ అమ్మ ఉంటుంది, వాయిదాలకి వచ్చి వెనక బెంచీలో కూర్చుంటుంది. కొందరు వకీళ్లు చచ్చినవాణ్ని తిట్టడమే డిఫెన్స్ అనుకుంటారు. నాకది నచ్చదు, కేసుకీ మంచిది కాదు. సమాజానికి పట్టిన పీడ వదిలింది అన్న ధ్వని వచ్చిందంటే జడ్జికి మీ తమ్ముడు భయపడ్డ మనిషిలా కాక తీర్పు చెప్పిన మనిషిలా కనిపిస్తాడు. ఎంత అవసరమో అంతే, మర్యాదగా, తేదీలతో చెప్పించండి.

తొందరగా చేయాల్సినవి రెండున్నాయి. షాపులో పనిచేసిన కుర్రాడు ఒడిశా వెళ్లిపోయాడన్నారు, ఆ షట్టర్ లోపల జరిగింది చూసిన మూడో మనిషి అతనొక్కడే. నంబర్ మారిపోకముందే వకీలు చేత మాట్లాడించి, ఊరి చిరునామా పూర్తిగా రాసి పెట్టుకోండి. రెండోది మీ ఫోన్. తమ్ముడితో మీ చాట్, వాయిస్ మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయకండి, వేరే వాళ్లకి ఫార్వర్డ్ చేసి అదే కాపీ అనుకోకండి, కొత్త ఫోన్ కొన్నా పాతది అమ్మకండి. ఎండార్స్‌మెంట్ కాగితం గురించి ఈ వారం ములాఖత్‌లో తమ్ముణ్ని అడగండి, షాపు లైసెన్సు, కరెంటు బిల్లులు పెట్టే చోటే ఉండొచ్చు. దొరికితే ఇక్కడ ఫొటో పెట్టకండి, నేరుగా వకీలుకి ఇవ్వండి.